బెంగళూరులోని మన తెలుగు డాక్టర్లకు: ముందు ఒక మూత్ర పరీక్ష రాయండి

డాక్టరు గారికి, మేడమ్ గారికి,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టరు, నేను మాత్రం రోజూ మీ చేతిరాత చదువుతాను. యలహంకలో ఒక చిన్న ల్యాబ్‌లో 11 ఏళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మీరు చీటీ మీద రాసే సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, థైరాయిడ్ పరీక్షలకు రక్తం తీసేది, రిపోర్టు టైపు చేసేది మాలాంటివాళ్లమే. కానీ ఈ ఉత్తరం ల్యాబ్ తరఫున రాయడం లేదు. లూపస్, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు, ఉన్న ఒక పేషెంటుకు అక్కగా రాస్తున్నాను.

ఈ ఊళ్లో డాక్టర్లకు కొదవ లేదు. మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఐదారు క్లినిక్‌లు ఉన్నాయి. అయినా మా వీధిలోని తెలుగువాళ్లం రెండు బస్సులు మారి మరీ మీ దగ్గరికి వస్తాం. దానికి కారణం భాష. మా అమ్మకు ఒళ్లు పీకడం వేరు, కీళ్లు సలపడం వేరు, తిమ్మిరెక్కడం వేరు, నిస్త్రాణ వేరు. ఇవన్నీ కన్నడంలో చెప్పాల్సి వస్తే "మై కై నోవు" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తుంది. మీ ముందు కూర్చుంటే మాత్రం పొద్దున ఎలా ఉందో, సాయంత్రానికి ఎలా మారిందో, ఎండలో నడిస్తే ఏమైందో అన్నీ చెబుతుంది. హిందూపురం నుంచి పొద్దున రైలెక్కి వచ్చేవాళ్లు, కదిరి నుంచి, మదనపల్లె నుంచి బస్సులో వచ్చేవాళ్లు కూడా ముందు మీ దగ్గరికే వస్తారు. పెద్దాసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది మీరు చెప్పాకే మాకు తెలుస్తుంది. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

మా చెల్లికి 2023లో 24 ఏళ్లు. హిందూపురంలో డిగ్రీ అయ్యాక నా దగ్గరికి వచ్చి, దొడ్డబళ్లాపురం దారిలో ఒక గార్మెంట్స్ యూనిట్‌లో క్వాలిటీ చెకింగ్‌లో చేరింది. ఆ ఏడాది జూన్‌లో పొద్దున లేవగానే వేళ్లు ముడవలేకపోయేది. జడ నేనే వేసేదాన్ని. పదిన్నర, పదకొండు అయితే కాస్త సర్దుకునేది. మొదటి క్లినిక్‌లో కాల్షియం, బీ12 రాశారు. రెండో క్లినిక్‌లో ఒక సూది వేసి పది రోజులకు నొప్పి మాత్రలు ఇచ్చారు. రెండు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ డాక్టరు గారిని దేవుడనుకున్నాం. మూడు వారాలకు నొప్పి తిరిగొచ్చింది, మళ్లీ సూది వేయించుకున్నాం. అది స్టెరాయిడ్ అని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మూడో క్లినిక్‌లో సీబీసీ రాశారు. హిమోగ్లోబిన్ 8.9, తెల్ల కణాలు 3,200, ప్లేట్‌లెట్లు 1,10,000. ఆ రిపోర్టు మా ల్యాబ్‌దే. టైపు చేసింది నేనే. మూడు రకాల కణాలూ ఒకేసారి తగ్గాయని నా కళ్లతో చూశాను. డెంగీ రోజులు కదా, వైరల్ అయి ఉంటుంది అనుకున్నాను. డాక్టరు గారూ అదే అనుకున్నారు. ఐరన్ మాత్రలు వచ్చాయి. కాబట్టి ఇది మీ ఒక్కరి మీద మోపే నింద కాదు. ఆ రోజు కుర్చీకి ఇటువైపు ఉన్న నేను కూడా పొరబడ్డాను.

తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఎండలో వెళ్లొస్తే బుగ్గలు రెండూ ఎర్రబడేవి. ముక్కు మీదుగా ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండేది ఆ ఎరుపు. ఫ్యాక్టరీలో దుమ్ముకు అలర్జీ అన్నారు. నాలుగో క్లినిక్‌లో అమ్మను పక్కకు పిలిచి, "అమ్మాయికి టెన్షన్ ఎక్కువగా ఉంది, పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. అమ్మ ఆ రాత్రి నిజంగానే సంబంధాల గురించి మామయ్యకు ఫోన్ చేసింది.

13 నెలలు. నాలుగు క్లినిక్‌లు. మూత్ర పరీక్ష ఒక్కరూ రాయలేదు.

2024 జూలైలో ఒక ఆదివారం పొద్దున చెల్లి మొహం ఉబ్బి ఉంది. కాళ్ల మీద చెప్పు పట్టీ అచ్చు దిగింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "అక్కా, నాలుగైదు రోజులుగా నురగ వస్తోంది, చెప్పడానికి సిగ్గేసింది" అంది. సోమవారం పొద్దున మొదటి మూత్రం డబ్బాలో పట్టించి నాతోపాటు తీసుకెళ్లాను. స్ట్రిప్ ముంచి బయటకు తీసేసరికి, పసుపుగా ఉండాల్సిన ప్రోటీన్ గడి ముదురు ఆకుపచ్చకు తిరిగింది. రక్తం గడి కూడా రంగు మారింది. మెషీన్‌లో తిప్పి, అడుగున పేరుకున్నది స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఎర్ర కణాలు గుత్తిగా అతుక్కుని గొట్టం ఆకారంలో కనిపించాయి. ఆర్బీసీ కాస్ట్. మూత్రపిండం లోపలి సన్నని నాళాల్లో పోతపోసినట్టు తయారయ్యే గొట్టం అది. అది కనిపించిందంటే రక్తం కారుతున్నది మూత్రసంచిలోనో దారిలోనో కాదు, కిడ్నీ వడపోత గుచ్ఛాల్లోనే. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు)లో మా మేడమ్ బోర్డు మీద గీసి చూపించిన బొమ్మ అది. పదేళ్లలో నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది నా చెల్లిది అయింది.

ఆ వారమే పెద్దాసుపత్రిలో రుమటాలజీకి, అంటే కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు చూసే విభాగానికి, తీసుకెళ్లాం. లూపస్ అనుమానంతో చేసే రక్తపరీక్షలు ఏఎన్‌ఏ, డీఎస్‌డీఎన్‌ఏ పాజిటివ్, జబ్బు మండుతున్నప్పుడు తగ్గే సీ3, సీ4 ప్రోటీన్లు బాగా తక్కువ, మూత్రంలో ఎంత ప్రోటీన్ పోతోందో చెప్పే యూపీసీఆర్ 3.4. కిడ్నీ ముక్క తీసి చూసే బయాప్సీలో లూపస్ నెఫ్రైటిస్ (లూపస్ వల్ల కిడ్నీ వాపు), నాలుగో క్లాస్ అని వచ్చింది. ఆ రిపోర్టు గురించి మీకు ఒక మాట చెప్పాలి. అందులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి యాక్టివిటీ, 24కు లెక్క. రెండోది క్రానిసిటీ, 12కు లెక్క. మొదటిది ఇప్పుడు మండుతున్న మంట. రెండోది మండి ఆరిపోయి మిగిలిన మచ్చ. చెల్లికి మొదటిది 13, రెండోది 3. ఇప్పుడున్న మందులన్నీ మొదటి అంకెతో పోరాడతాయి. మచ్చగా మారిన చోటును తిరిగి మామూలు కిడ్నీగా చేసే మందు ఏదీ లేదు. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత యూనిట్లు, ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. ఆ 3లో ఎంత భాగం ఆ 13 నెలల్లో వచ్చిందో ఎవరూ కొలిచి చెప్పలేరు. కానీ ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగు క్లినిక్‌ల బెంచీలే గుర్తొస్తాయి.

అప్పటి నుంచి లూపస్ గురించి దొరికినదల్లా చదువుతున్నాను. రాత్రి చెల్లి పడుకున్నాక ఫోన్‌లో చదువుతాను, అర్థంకాని మాటలు రాసుకుని రుమటాలజీ మేడమ్‌ను అడుగుతాను. ఆవిడ ఓపికకు మొక్కాలి. చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే కదిలించింది కొత్త పరిశోధన కాదు, 2003లో వచ్చినది. అమెరికా సైన్యం తన సైనికుల రక్త నమూనాలను ఏళ్ల తరబడి దాచి ఉంచుతుంది. వాళ్లలో తర్వాత లూపస్ వచ్చిన 130 మంది పాత నమూనాలను బయటకు తీసి పరీక్షించారు. 115 మందిలో, అంటే 88 శాతం మందిలో, జబ్బు పేరు బయటపడక ముందే కనీసం ఒక ఆటోయాంటీబాడీ, అంటే సొంత ఒంటి మీదే దాడి చేసే యాంటీబాడీ, ఉంది. కొందరిలో తొమ్మిదేళ్ల ముందు నుంచే ఉంది. ల్యాబ్‌లో పనిచేసే మనిషిగా ఆ ట్యూబులు నా కళ్ల ముందు కదిలాయి. జబ్బు తన ఆనవాళ్లు ముందే వదులుతుంది. చూడమని ఎవరైనా చీటీ రాస్తేనే మేం చూస్తాం.

ఇక కొత్త మందులు. లూపస్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్రను అమెరికా 1955లో అనుమతించింది. ఆ తర్వాత ఈ జబ్బు కోసమే పరీక్షించి అనుమతించిన కొత్త మందు బెలిముమాబ్, 2011లో వచ్చింది. మధ్యలో యాభై ఏళ్లకు పైగా ఖాళీ. మా అమ్మ పుట్టి, పెరిగి, మమ్మల్ని కని, పెంచి, పెద్దచేసినంత కాలం. ఈ మధ్య మాత్రం వరసగా వస్తున్నాయి. 2021 జనవరిలో కిడ్నీ లూపస్‌కు వోక్లోస్పోరిన్, ఆ ఏడాది జూలై చివర్లో అనిఫ్రోలుమాబ్, 2025 అక్టోబరులో ఒబినుటుజుమాబ్. ఈ చివరిది మొదట రక్త కాన్సర్‌కు తెచ్చిన మందు. కిడ్నీ లూపస్ ఉన్న 271 మందికి దానితో ట్రయల్ జరిపారు. మామూలు చికిత్సకు దీన్ని జోడించినప్పుడు 76 వారాలకు 46.4 శాతం మంది పూర్తిగా కుదుటపడ్డారు. మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో అది 33.1 శాతం. అంతకు ముందు బెలిముమాబ్ ట్రయల్‌లో రెండేళ్లకు 30 శాతం, 20 శాతం. వోక్లోస్పోరిన్‌కు ఏడాదికి 41 శాతం, 23 శాతం.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు ముందు సంతోషం కలిగింది. తర్వాత మళ్లీ చదివాను. ప్రపంచంలో అన్నిటికంటే మంచి మందు, మంచి ఆసుపత్రి, వారం వారం పట్టించుకునే నర్సులు, ఇవన్నీ ఉన్నా సగం మందికి పైగా పూర్తిగా కుదుటపడలేదు. అంటే ఎంత ఖరీదైన మందైనా తనంతట తాను గట్టెక్కించలేదు. అది చేరేసరికి కిడ్నీలో ఎంత మిగిలి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ మందుల్లో చాలావాటి ఖరీదు మాలాంటి ఇళ్లకు అందదు, ఆ మాట మీకు చెప్పనక్కర్లేదు. కానీ వాటన్నిటికంటే ముందు పడాల్సిన అడుగు ఒకటి ఉంది. మా ల్యాబ్‌లో దానికి 120 రూపాయలు.

చెల్లి నన్ను అడిగిన ప్రశ్న ఒకటి ఇక్కడ చెప్పాలి. 2024లో జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్ల వార్త వాట్సాప్‌లో తిరిగింది. పేషెంటు ఒంట్లోంచి టీ కణాలనే తెల్ల రక్తకణాలు తీసి, బీ కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా వాటిని మార్చి, తిరిగి ఎక్కించే చికిత్స అది. కార్-టీ అంటారు. తప్పుడు యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలన్నీ ఊడ్చుకుపోతాయి. కొన్ని నెలలకు కొత్తవి పుడతాయి, అవి పాత శత్రుత్వం తెలియని కణాలు. 2021లో 20 ఏళ్ల అమ్మాయితో మొదలుపెట్టారు, 2022లో ఐదుగురి వివరాలు ప్రచురించారు. 2024 ఫిబ్రవరిలో 15 మంది ఫలితాలు వచ్చాయి, వాళ్లలో 8 మందికి లూపస్. ఆ ఎనిమిది మందికీ జబ్బు అణిగిపోయింది, లూపస్ మందులన్నీ ఆపేశారు. ఇది చిన్న విషయం కాదు, నేను చదువుతూ ఏడ్చాను. మన బెంగళూరులోనే ఇమ్యునీల్ అనే కంపెనీ 2025 జనవరిలో కార్-టీ చికిత్సను విడుదల చేసింది కూడా, కాకపోతే అది లింఫోమా అనే కాన్సర్‌కు. "అక్కా, నాకూ చేస్తారా, ఇక మాత్రలు ఆపేయొచ్చా?" అని చెల్లి అడిగింది. ఎనిమిది మందిని చూసి మాత్రలు ఆపకూడదని, ఆ ఎనిమిది మందికీ మందులు ఆపింది చికిత్స తర్వాతేనని, దాన్ని ఇంకా పెద్ద ట్రయల్స్‌లో పరీక్షిస్తున్నారని చెప్పాను. మీ దగ్గరికి కూడా ఇలాంటి ప్రశ్నతో ఎవరో ఒకరు వస్తారు. దయచేసి కొట్టిపారేయకండి. ఆశ ఉండనివ్వండి, మాత్ర కూడా నడవనివ్వండి.

మాత్ర అంటే హైడ్రాక్సీక్లోరోక్విన్. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బయాప్సీ అయ్యాక ఐదో నెలలో జలుబు చేసి చెల్లి దగ్గరలోని ఒక క్లినిక్‌కు వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ మందుల చీటీ చూసి, "ఇది వాడితే కళ్లు పోతాయి, ఆపేయమ్మా" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. చెల్లి నాకు చెప్పకుండా 19 రోజులు మాత్ర ఆపేసింది. కంటి మీద ప్రభావం నిజమే, దానికి పద్ధతి ఉంది. రోజు మోతాదు ఒంటి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల దగ్గర ఉంచాలి. మొదటి ఏడాదిలోపు ఒకసారి రెటీనా పరీక్ష, ఐదేళ్ల తర్వాత ఏటా పరీక్ష చేయించాలి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఏటా పరీక్షలు ఇంకా ముందే మొదలుపెట్టాలి. చెల్లి బరువు 46 కిలోలు, వాడేది రోజుకు 200. ఆపేస్తే ఏమవుతుందో కెనడాలో 1991లోనే చూశారు. నిలకడగా ఉన్న 47 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు మందు కొనసాగించారు, ఇంకో గుంపుకు పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు ఆగినవారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. 2020 మార్చిలో కరోనా భయంతో జనం ఈ మాత్రలు కొని దాచుకున్నప్పుడు లూపస్ పేషెంట్లు మెడికల్ షాపుల చుట్టూ ఎలా తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో నాకు అదొక వార్త మాత్రమే.

నొప్పి మాత్రల సంగతి, స్టెరాయిడ్ సూదుల సంగతి మీకు నేను చెప్పేంతదాన్ని కాను. అయినా పేషెంటు వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. నిలబడి పనిచేసే ఉద్యోగం, సెలవు పెడితే జీతం కోత. సూది వేస్తే రేపు పనిలోకి వెళ్లవచ్చు. కాబట్టి మేమే సూది అడుగుతాం, అది కూడా నిజం. కానీ ఆ సూది కీళ్ల వాపును తగ్గించి అసలు జబ్బును ముసుగులో ఉంచుతుంది. నొప్పి మాత్రలేమో అప్పటికే వాచిన కిడ్నీ మీద ఇంకో దెబ్బ వేస్తాయి. స్టెరాయిడ్ చెడ్డదని నేను అనడం లేదు. చెల్లి కిడ్నీని కాపాడిన మొదటి మందు మూడు రోజుల పాటు సెలైన్‌లో ఎక్కించిన స్టెరాయిడే. కాకపోతే అక్కడ ఎందుకిస్తున్నారో, ఎప్పుడు తగ్గిస్తారో రాసి ఇచ్చారు. 2023లో యూరప్ రుమటాలజీ సంఘం ఇచ్చిన సిఫారసుల్లో రోజుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువకు దించాలని, వీలైతే ఆపేయాలని ఉంది. అంతకు ముందు 2019లో ఆ హద్దు 7.5. పేరు చెప్పకుండా వేసిన సూదికి హద్దు ఎక్కడ ఉంటుంది?

పెళ్లి మాట కూడా రాయక తప్పదు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్న సలహా విని మేం ఆ ఏడాదే చేసేసి ఉంటే, ఏ మందూ లేకుండా, కిడ్నీ మండుతూ ఉండగా గర్భం వచ్చేది. తల్లికీ బిడ్డకూ అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ఇప్పుడు చెల్లి వాడుతున్న మైకోఫినోలేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి అజథయోప్రిన్ లాంటిదానికి మార్చాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ కొనసాగించాలి. జబ్బు ఆరు నెలలైనా నిలకడగా ఉంటే లూపస్ ఉన్న ఆడపిల్లలు ఎంతోమంది తల్లులవుతున్నారు. మా ల్యాబ్‌కు వచ్చే ఒకమ్మాయి పెళ్లయ్యాక అత్తవారింట్లో మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని వేసుకునేది. ఆ భయాన్ని తీసేయగలిగింది ఎవరైనా ఉంటే, ఇంటిల్లిపాదీ మాట వినే ఫ్యామిలీ డాక్టరే. అత్తగారిని కూర్చోబెట్టి ఇది అంటుకునే జబ్బు కాదని తెలుగులో చెప్పగలిగేది మీరే.

మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "నేను కడుపుతో ఉన్నప్పుడు ఏం తినకూడనిది తిన్నానో" అని. దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది, వేడి చేసిందని నెలల తరబడి చెల్లికి వంకాయ, ఆవకాయ మాన్పించింది. ఆమెకు చెప్పడానికి నాకు ఉపయోగపడింది కూడా పరిశోధనే. 2022లో స్పెయిన్ దేశపు ఒక అమ్మాయి జన్యువుల్లో ఒక్క అక్షరం మార్పు పట్టుకున్నారు. టీఎల్‌ఆర్7 అనే జన్యువులో ఆ మార్పు ఒక్కటే లూపస్ తెప్పించగలదని ఎలుకల్లో చూపించారు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు. లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే కావడానికి ఇదొక్కటే కారణమని కాదు, దారి మాత్రం అటు తెరుచుకుంటోంది. చాలామందిలో ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు, ఎండ, హార్మోన్లు, వైరస్‌లు అన్నీ కలిసి పనిచేస్తాయి. అమ్మకు ఇవన్నీ చెప్పలేదు. "నువ్వు తిన్న దానివల్ల రాలేదమ్మా, పెద్ద పెద్ద డాక్టర్లు వెతికి చూశారు" అన్నాను. ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు చెల్లికి వంకాయ కూర చేసింది.

ఇక నేను అడగదలచుకున్నది.

వయసులో ఉన్న ఆడపిల్ల ఆరు వారాలు దాటిన కీళ్ల నొప్పులతో వస్తే, అందులోనూ జ్వరం, జుట్టు ఊడటం, నోట్లో పుళ్లు, ఎండ పడకపోవడం, కణాలు తగ్గడం, వీటిలో ఏదైనా తోడుంటే, సూది కంటే ముందు ఒక మూత్ర పరీక్ష రాయండి. రొటీన్‌తో పాటు యూపీసీఆర్ కూడా. బీపీ చూడండి. లూపస్ వచ్చినవారిలో సుమారు 40 శాతం మందికి కిడ్నీ దెబ్బతింటుంది, ఆ దెబ్బకు నొప్పి ఉండదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ మామూలుగా ఉందని ఊరుకోకండి, కిడ్నీ పనితనం సగం దాకా పోయినా అది మామూలుగానే కనిపించవచ్చు. యూపీసీఆర్ 0.5 దాటి అలాగే ఉంటే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టు దగ్గరికో, కిడ్నీ డాక్టరు దగ్గరికో పంపండి. పంపేటప్పుడు చీటీ మీద ఎందుకు పంపుతున్నారో ఒక్క ముక్క రాయండి. పెద్దాసుపత్రి ఓపీలో మాలాంటివాళ్లం నోరు తెరిచి చెప్పుకోలేం, మీ ఒక్క వాక్యం మాకు బదులు మాట్లాడుతుంది. లూపస్ అని ఇప్పటికే తెలిసిన అమ్మాయి మీ దగ్గరికి జలుబుకు వచ్చినా సరే, మూత్ర పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందని అడగండి.

ఏఎన్‌ఏ మాత్రం ప్రతి ఒళ్లు నొప్పికీ రాయకండి. 1:80 దగ్గర, అంటే రక్తరసాన్ని 80 రెట్లు పలచన చేసి చూస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ నూటికి పదమూడు మందికి పాజిటివ్ వచ్చినట్టు పాత అధ్యయనం ఒకటి ఉంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని మా ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాళ్లను చూశాను. అనుమానం ఉన్నప్పుడు రాయండి, రాసినప్పుడు పాజిటివ్ అంటే లూపస్ అని అర్థం కాదని ముందే చెప్పండి.

మా వృత్తిలో ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. స్ట్రిప్ మెషీన్‌లో పెట్టి ప్రింటు తీసి వదిలేయకండి. స్ట్రిప్‌లో ప్రోటీన్, రక్తం రెండూ కనిపిస్తే స్లైడ్ చూడండి. శాంపిల్ రెండు గంటలకు పైగా బయట ఉంటే కాస్ట్‌లు కరిగిపోతాయి, తర్వాత ఎంత వెతికినా దొరకవు. సీబీసీలో మూడు వరసలూ తగ్గి కనిపిస్తే, పేషెంటు వయసు చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. నేను చేయలేదు.

చెల్లి ఇప్పుడు మళ్లీ పనికి వెళుతోంది, కూర్చుని చేసే పని ఇచ్చారు. గొడుగు, సన్‌స్క్రీన్, పొడుగు చేతుల జాకెట్టు. స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములకు దిగింది. 3.4 ఉన్న యూపీసీఆర్ ఏడాదికి 0.6కు వచ్చింది. 0.5 కిందికి రావాలని రుమటాలజీ మేడమ్ అంటున్నారు. జడ తనే వేసుకుంటోంది.

మీ దగ్గర మైక్రోస్కోప్ లేకపోయినా, యూపీసీఆర్‌కు పేషెంటు దగ్గర డబ్బు లేకపోయినా, యలహంక చుట్టుపక్కల వారైతే శాంపిల్ మా ల్యాబ్‌కు పంపండి. మా ఓనరు గారితో మాట్లాడాను, చీటీ మీద "లూపస్ అనుమానం" అని రాసి ఉంటే రొటీన్‌కు డబ్బు తీసుకోం. పొద్దున మొదటి మూత్రం, మధ్యధార, శుభ్రమైన డబ్బాలో, పట్టిన రెండు గంటల్లోపు. ఏడింటికి ల్యాబ్ తెరుస్తాం. స్లైడ్ నేనే చూస్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఒక పేషెంటు అక్క
యలహంక, బెంగళూరు